విమానానికి కావిడి నడక

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్ప పోయిన పదకొండో రోజున వచ్చినవాళ్లలో చాలామంది ఆమె ఆకాశంలోకి వెళ్లిపోయిందన్నారు. విమానాల దగ్గర పనిచేసింది కాబట్టి ఆ మాట వాళ్లకు తేలిగ్గా తట్టి ఉంటుంది. నాకు నచ్చలేదు. అప్ప పని నేలమీదే. హైదరాబాదులో ఒక పెద్ద షెడ్డులో, సిమెంటు గచ్చు మీద నిచ్చెన వేసుకుని, చిన్న విమానాల ప్రొపెల్లర్లు విప్పి బాగుచేసేది. చేతులకు ఎప్పుడూ నూనె వాసన ఉండేది. విమానం ఎక్కింది తక్కువ.

మా వైపు చాలామందికి అయినట్టే ఆమెకూ కిడ్నీలు పాడయ్యాయి. సెలవు పెట్టి ఉద్దానంలో బావ దగ్గరికి వచ్చేసింది. బావ అప్పకు మొగుడే కాదు, మాకు మేనత్త కొడుకు కూడా. కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటాడు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. రెండుసార్లు బావ తీసుకెళ్లేవాడు. ఆదివారం వంతు నాది. టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీ చూస్తాను నేను. పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చునేవాణ్ణి.

ఆ యంత్రంలో చిన్న చక్రమొకటి నాలుగు గంటలూ ఒకే వేగంతో తిరిగేది. అప్ప దాన్నే చూస్తూ మగతలో మాట్లాడేది. నేను తెచ్చుకున్న పుస్తకం ఒళ్లోనే ఉండిపోయేది.

ఒక ఆదివారం అడిగాను, ఇంజిన్ జోరు పెంచితే ప్రొపెల్లర్ ఇంకా వేగంగా తిరగాలి కదా అని.

“తిరక్కూడదు. తిరక్కుండా సూడ్డమే మా పని,” అంది. “నాన్న కావిడి మొయ్యడం సూసినావు గద. బద్ద ఊగుతాది. ఆ ఊగుకి అడుగు కలవాల. తప్పితే కొబ్బరికాయల బరువంతా బుజాన్ని కోసేత్తాది. మరి ఇసక దిబ్బ ఎక్కినప్పుడు ఏటి సేసీవోడు?”

“మెల్లగా నడిచేవాడు.”

“మెల్లగా కాదురా, పుస్తకాల పురుగా. అడుగు పొట్టిది సేసీవోడు. దిగినప్పుడు సాచీవోడు. అడుగుల లెక్క మట్టుకు మారదు.”

సూది లేని చేతిని గాలిలోకి చాపి, అరచేతిని కొద్దికొద్దిగా తిప్పి చూపించింది. అది ప్రొపెల్లర్ రెక్క. ఆ వంపును ఆమె వాటం అనేది. విమానం పైకి ఎక్కుతుంటే వేగం తగ్గుతుంది, రెక్కకు గాలి బరువవుతుంది, తిరుగుడు మందగించబోతుంది. అప్పుడు వాటం తగ్గించాలి. చుట్టుకి తక్కువ గాలిని కోస్తుంది, పొట్టి అడుగు. కిందికి దిగుతుంటే తిరుగుడు జోరందుకోబోతుంది. అప్పుడు వాటం పెంచాలి, పొడుగు అడుగు. ఇంజిన్ జోరు పెంచినా అంతే. దీన్ని మనిషి క్షణక్షణం చూడలేడు. గవర్నర్ అని ఒక చిన్న పరికరం ఉంటుంది. దాని లోపల గుండ్రంగా తిరిగే బరువులు వేగం మారగానే పసిగట్టి, నూనెను నెట్టి రెక్కల్ని తిప్పుతాయి. నిమిషానికి ఎన్ని చుట్లో పైలట్ ఖాయం చేస్తాడు, ఆ లెక్కని అది నిలబెడుతుంది.

ఇంజిన్ పూర్తిగా చచ్చిపోతే రెక్కల్ని అంచు గాలికి చూపేలా తిప్పేస్తారట, మిగిలిన ప్రయాణానికి అడ్డు పడకుండా. ఆ మాట మీద ఏదో రాయాలనిపించింది ఆ రాత్రి. రాయలేదు.

“ఒక్క సోట నీకు బయమేత్తాది,” అంది అప్ప. “పైకెక్కీసినాక సౌండు దిగిపోతాది. ఇంజిన్ ఆగిపోనాదనుకుంతావు. ఆగదు. ఇసక దాటి తారురోడ్డెక్కినట్టు. పైలట్లు లెక్క తగ్గించి అడుగు సాచుతారు.”

“నేను విమానం ఎక్కితే కదా.”

“ఎక్కుతావు. నాను ఎక్కిత్తాను.”

ఆ మాట మిగిలిపోయింది.

ఆమె పోయిన నాలుగు నెలలకు నాకొక భయం పట్టుకుంది. అప్ప గొంతు జారిపోతోంది. మాటలు గుర్తున్నాయి, గొంతు లేదు. ఆదివారాల్లో చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. చదువుకుంటే నా గొంతే వినిపించేది. ఆమె ఎలా పలికేదో బావను అడగాలంటే ముఖం చెల్లలేదు. అతను అప్ప మాటే ఎత్తేవాడు కాదు. మరిచిపోతున్నాడేమో అనుకుని లోపల్లోపల కోపగించుకున్నాను కూడా.

ఆ రోజుల్లోనే షెడ్డు నుంచి ఫోను వచ్చింది, ఆమె పనిముట్ల పెట్టె అక్కడే ఉంది, తీసుకెళ్లమని. బావ రైలు వద్దన్నాడు. విశాఖపట్నం నుంచి ప్రొపెల్లర్ల విమానం టిక్కెట్లు తనే తీశాడు. అప్పతో పనిచేసినవాళ్లకని రెండు కిలోల జీడిపప్పు సంచిలో పెట్టుకున్నాడు. నోటుబుక్కు నా జేబులో ఉంది.

నాకు కిటికీ సీటు ఇచ్చాడు. ప్రొపెల్లర్ సరిగ్గా నా పక్కనే. తిరగడం మొదలయ్యాక రెక్కలు కనపడటం మానేశాయి. వాటిలోంచి సముద్రం కనిపించింది, పొద్దుటి ఎండలో పాలిపోయి. ఒడ్డు, తోటలు, ఒక్కో ఇల్లు మెల్లగా వెనక్కి జరిగాయి. తర్వాత మబ్బు. ఒకటే హోరు, ఎక్కువా తక్కువా కాకుండా. కళ్లు మూతలు పడ్డాయి. పలాసలో ఆ మంచం పక్కన ఉన్నట్టే ఉంది, చక్రం తిరుగుతున్నట్టే ఉంది. ఇంకాసేపట్లో నర్సు వచ్చి అయిపోయిందంటుంది, అప్పకు చెప్పులు తొడగాలి అనుకున్నాను.

అంతలో హోరు ఒక్కసారిగా దిగిపోయింది.

నేర్చుకున్నదీ రాసుకున్నదీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. బావ చెయ్యి పట్టుకున్నాను.

“బావా, ఇంజిన్...”

బావ కళ్లు తెరవలేదు. కింద అతని పాదం తాళం వేస్తోంది.

“ఏటీ అవలేదు బామ్మర్దీ. ఇసక దాటి తారురోడ్డెక్కినాది. అడుగు సాచుకుంతంది.”

అతని చెయ్యి వదిలి అటు తిరిగాను. తర్వాత అడిగాను. “అప్ప నీకూ చెప్పిందా?”

“నాకు సెప్పడమేటి? నానే దానికి సెప్పినాను.” ఇప్పుడు కళ్లు తెరిచాడు. “పనిలో సేరిన కొత్తల్లో పరీచ్చ ఉన్నాది దానికి. ఆ గవర్నర్ పాఠం బుర్రకెక్కలేదని ఫోన్లో ఒకటే ఏడుపు. అదేటి సేత్తాదో సెప్పు ముందు అన్నాను. సెప్పినాది. ఓసి, కావిడి గదే అన్నాను. మీ నాన్న ఎనకాల రెండో కావిడి ఎవుడు మోసినాడనుకున్నావు? నువ్వు సెట్టు కింద కూకుని సదూకునీవోడివి, నీకేటి తెలుత్తాది.”

“అది నీ మాట అని నాకెప్పుడూ చెప్పలేదు.”

“సెప్పదు. దాని సంగతి నీకు తెల్దేటి?” అని నవ్వాడు. ఆమె పోయాక బావ నవ్వడం చూసింది అదే మొదటిసారి.

‘తెల్దేటి’ అన్నప్పుడు చివర అతని గొంతు కాస్త పైకి లేచింది. అప్ప గొంతూ అక్కడే లేచేది. పాతికేళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మనుషులు. ఎవరిది ఎవరికి అంటుకుందో నాకు తెలియదు.

నోటుబుక్కు జేబులోంచి తియ్యలేదు. ఇంకోసారి చెప్పమన్నాను బావని. ఈసారి అతను ఇసుక దిబ్బ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.