మా నాన్నమ్మ చూడని రెండు రీళ్ళు

నిన్న టీవీలో బొబ్బిలి కోట కథతో తీసిన పాత సినిమా వస్తుంటే నా ముక్కుకి తడి ఇసక వాసన తగిలింది. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు గుర్తుందా? ముందువాళ్ళ తలలు అడ్డొస్తాయని ఇసక పోగేసుకుని, సింహాసనం ఎక్కినట్టు కూర్చునేవాళ్ళం కదూ!

మా నాన్నమ్మ పుట్టిల్లు బొబ్బిలి. ఆ కోట మీదికి యుద్ధానికొచ్చిన విజయనగరానికే కోడలైంది. ఆ సినిమాకి నన్ను మూడుసార్లు తీసుకెళ్ళింది. మూడుసార్లూ ఫిరంగులు కోట గోడ వైపు తిరగ్గానే, ఒళ్ళోని వేరుశనగ తొక్కలు దులుపుకుని లేచిపోయింది. ఆవిడ వెనకే బొబ్బిలి నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళంతా లేచేవారు, ఆడవాళ్ళ వైపు సగం ఖాళీ!

మొదటిసారి గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన అడ్డుపడ్డాడు.

"ఏటమ్మా, ఇంకా రెండు రీళ్ళున్నాయి కదా!"

"అవి నువ్వే సూసుకో నాయనా. నాను సూడనంతవరకూ మా కోట నిలబడే ఉంటాది."

మూడోసారి ఆయనే ముందుగా తడిక తీసి పట్టుకున్నాడు.

నిన్న కూడా ఫిరంగులు కదిలాయి. నేను టీవీ కట్టేశాను.

"ఎవరు గెలిచారు నాన్నమ్మా?" అంది నా పక్కనే కూర్చున్న నా మనవరాలు.

"బొబ్బిలే" అన్నాను, విజయనగరంలో పుట్టి పెరిగిన నేను.