సింకులోకి వచ్చిన కృష్ణమ్మ

సరంగుగారు పోయారని గురువారం పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. రెండోసారి పక్షవాతం వచ్చిందట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. "మీకు చెప్పమని నాన్న అనలేదక్కా, నాకే చెప్పాలనిపించింది," అంది. నిజమే. నాకు చెప్పమని ఆయన ఎందుకంటారు?

విజయవాడలో జనాన్ని భవానీ ద్వీపం వైపు తిప్పే ఒక ప్రైవేటు పడవలో నేను ఆరేళ్లుగా వంట చేస్తున్నాను. దాన్ని నడిపే సరంగు ఆయన. పడవ అడుగున, నాలుగు మెట్లు దిగితే వంటగది. నేను చేరిన కొత్తలో స్టవ్ ముందు నిలబడలేక గోడ పట్టుకునేదాన్ని. ఆయన మెట్ల మీద నుంచి వంగి చూసి, "కాళ్లు ఎడంగా పెట్టమ్మా. పడవతో పోట్లాడమాక, దాంతోపాటు ఊగు," అన్నారు. గంజి వార్చే ముందు గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు కొట్టమన్నారు. కొట్టగానే పైన ఇంజన్ నెమ్మదించేది. ఆయన ఉన్నంతకాలం నా చేతి మీద ఒక్క చుక్క గంజి పడలేదు.

డాక్టరు మానమన్నాక కూడా బీడీ ఒకటి పెదాల మధ్య ఉండేది, వెలిగించకుండా. ఎవరైనా "ఏం కాదులెండి" అంటే చిరాకు. "ఏం కాదని ఏటికి చెప్పొచ్చావా?" అనేవారు.

రెండేళ్ల క్రితం యజమాని పడవ మీద ఇనప షెడ్డు వేయించి, పుట్టినరోజు ఫంక్షన్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్ద జనరేటరు, పాటల బాక్సులు ఎక్కాయి. ఆ తర్వాతే నా సింకు మొరాయించింది. గిన్నెలు కడిగిన నీళ్లు కిందికి పోవు. బిర్యానీ నూనె పేరుకుందనుకుని మరుగుతున్న నీళ్లు పోశాను, సోడా పోశాను, ఇనప చువ్వ పెట్టి పొడిచాను. ఒక ఆదివారం నీళ్లు పోకపోగా పైకి రావడం మొదలైంది. సరంగుగారిని పిలిచాను.

ఆయన నా చేతిలోని చువ్వ తీసి పక్కన పెట్టారు. "ముందు చూడాలమ్మా, తర్వాత పొడవాలి." సింకు కింద కూర్చుని, "ఏయే రోజు ఆగుతోంది?" అని అడిగారు.

"ఆదివారాలు. ఫంక్షన్ ఉన్న రోజులు."

"సోమవారం?"

"సోమవారం బాగానే పోతుందండి."

జనం దిగిపోయాక ఆయన గొట్టం మర ఊడదీసి వెలుతురుకు పెట్టి చూశారు. లోపల శుభ్రంగా ఉంది. తర్వాత సింకు అడుగున మిగిలిన నీళ్లలో వేలు పెట్టి, నల్లటి పీచులాంటిది పైకి తీశారు.

"ఇది నువ్వు వండావా?"

అది గుర్రపుడెక్క వేరు. ఏట్లోది.

మరుసటి ఆదివారం జనం ఎక్కాక నన్ను రేవు మెట్ల మీదికి తీసుకెళ్లి పడవ పక్కన కూర్చోబెట్టారు. సింకు నీళ్లు బయటికి పడే కన్నం మామూలుగా నీటికి జానెడు పైన ఉండాలి. ఆ రోజు అది కనబడలేదు. నీళ్లలో చెయ్యి పెట్టి తడిమి చూపించారు. "గొట్టం పూడలేదమ్మా. పడవే దిగిపోయింది."

ఇద్దరం యజమాని దగ్గరికి వెళ్లాం. షెడ్డు తీయించమని, లేకపోతే మనుషులనైనా తగ్గించమని సరంగుగారు అడిగారు.

"సింకు చూడమంటే పడవకే వంకలు పెడతావేంటయ్యా?" అన్నారు యజమాని. "బరువున్న పడవ నీళ్లలో దిగకుండా గాల్లో ఉంటుందా?"

"దిగాల్సినదానికంటే ఎక్కువే దిగిందండి. ఈ అమ్మాయి కూడా చూసింది." నా వైపు తిరిగారు. "చెప్పమ్మా."

మా వారి షాపు మూతపడిన ఏడాది అది. నాకు ఈ పని తప్ప మరో దారి లేదు. "నాకు పడవల సంగతి తెలీదండి," అన్నాను.

సరంగుగారు బీడీ జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే ప్లంబరు వచ్చి గొట్టానికి వాల్వు బిగించాడు. జనం ఉన్నప్పుడు వాల్వు కట్టేయడం, గిన్నెలు బకెట్లో కడగడం. నీళ్లు పైకి రావడం ఆగిపోయింది. సమస్య తీరిందని అందరూ సంతోషించారు. సరంగుగారు మాత్రం తర్వాతి ఆదివారం, సగం మంది దిగితే గాని ఇంజన్ వేయనని తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. కేకు తెచ్చినవాళ్లు గొడవ చేశారు. సాయంత్రానికల్లా ఆ తాళంచెవి వేరే మనిషి చేతికి వెళ్లింది. కొత్తాయనకు గరిటె దెబ్బల సంగతి నేను చెప్పలేదు.

ఆఖరిసారి ఆయన్ని గొల్లపూడిలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర చూశాను. వాచ్‌మన్ యూనిఫాం భుజాల మీద వదులుగా వేలాడుతోంది. మొదటి పక్షవాతం తర్వాత ఒక చెయ్యి సరిగా లేవడం లేదు. క్షమించమని అడగాలని వెళ్లినదాన్ని, ఆరోగ్యం గురించి ఏవో మాటలు మాట్లాడాను.

"సింకు ఎలా ఉందమ్మా?" అని ఆయనే అడిగారు.

"బాగానే ఉంది బాబాయ్. నీళ్లు రావట్లేదు."

"కట్టేశారుగా," అన్నారు. "ఇక వచ్చినా నీకు తెలియదు."

కోపంగా అనలేదు. నా గురించి దిగులుపడుతున్నట్టు అన్నారు. ఆ పని మానేయమని మాత్రం చెప్పలేదు. మానలేనని ఆయనకు తెలుసు.

నేను ఇప్పటికీ అక్కడే వండుతున్నాను. నా చేతి మీద ఇప్పుడు గంజి మచ్చలు మూడు ఉన్నాయి.

ఆదివారం అస్థికలు కలుపుతున్నారంటే సెలవు పెట్టి వెళ్లాను. వాళ్ల అమ్మాయి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి మట్టి ముంతను వంచుతుండగా ఏట్లో పాటలు వినిపించాయి. మా పడవే. పైన షెడ్డు నిండా జనం, కమ్మీలకు బెలూన్లు. ఒడ్డున మేమెందుకు నిలబడ్డామో తెలియని పిల్లలు కొందరు కేరింతలు కొడుతూ మాకు చేతులు ఊపారు. మాలో ఎవరూ కదల్లేదు. పిల్లలు చాలాసేపు ఊపుతూనే ఉన్నారు. చివరికి నీళ్లలో ఉన్న ఆ అమ్మాయి, ముంత ఎడమ చేతికి మార్చుకుని, బూడిద అంటిన కుడి చెయ్యి పైకెత్తి వాళ్లకు ఊపింది.