పటాన్‌చెరు క్యాంటీన్ మీదుగా సింగపూర్‌కు

విమానం అంటే నెత్తిమీద నుంచి చప్పుడు చేసుకుంటూ పోయేదే తప్ప, మనం ఎక్కేది కూడా అవుతుందని మా ఇంట్లో ఎవరికీ తోచని రోజులవి. సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి నాకు రెండేళ్లయింది. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియంలో ఎమ్మెస్సీ చేసి వచ్చినదాన్ని కాబట్టి, ఈ కాలేజీని బాగుచేసే బాధ్యత నా మీదే పడిందని గట్టిగా నమ్మేదాన్ని. (కాలేజీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.) ఆ ఊపులోనే, పల్లెల నుంచి వచ్చే పిల్లలకు డిగ్రీ పాఠాలు ఎలా చెప్పాలో ఇరవై రెండు పేజీల ఇంగ్లీషు వ్యాసం రాసి, విశ్వవిద్యాలయ బోధన మీద సింగపూర్‌లో జరిగే అంతర్జాతీయ సదస్సుకు పంపాను. వాళ్లు రమ్మన్నారు.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. గంజ్‌లో పప్పుల దుకాణం నడిపే నాన్న, కందిపప్పు కోసం వచ్చిన ప్రతివాళ్లకూ, "మా బిడ్డ సింగపూర్ పోతున్నది, ఆడున్న సార్లకు సదువు చెప్పనీకి" అని చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడానికి కాదు నాన్నా, వ్యాసం చదవడానికి అంటే, "సదువుడైనా చెప్పుడైనా నోరే గద ఆడేది" అనేవాడు. నేనేమో అద్దం ముందు నిలబడి నోరు తిరగని మాటలు వల్లెవేసేదాన్ని. 'పెడగాజీ' (బోధనాశాస్త్రం అని అర్థం) అన్న మాట నాలుగు రోజులు అభ్యాసం చేశాక, అమ్మ వంటింట్లోంచి వచ్చి, "గాజులు గాజులు అంటున్నవ్, ఏ రంగువి కావాల్నో చెప్పు, తెస్త" అంది. సదస్సు హాళ్లలో ఏసీ వల్ల కాళ్లు కొంకర్లు పోతాయని ఎవరో చెబితే, చీర కిందికి బూట్లు కూడా కొన్నాను.

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌ను పిల్లలు స్కేలు సారు అనేవారు. చేతిలో ఎప్పుడూ అడుగు స్కేలు ఉండేది. దానితో ఆయన ఎవర్నీ కొట్టలేదు, వీపు గోక్కోవడం మాత్రం నేను చూశాను. మరో ఏడాదిలో రిటైర్ కాబోతున్నారు. నా క్లాసుకూ ఆయన క్లాసుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడకు ఇవతల నేను సూత్రాలు రాస్తుంటే, అవతల నుంచి బోరు మోటార్ల, ఎడ్లబండ్ల ముచ్చట్లు, వాటి వెనకే పిల్లల నవ్వులు వినిపించేవి. పాపం, పెద్దాయన కాలం వెళ్లదీస్తున్నారని అనుకునేదాన్ని.

మర్యాద కోసం వ్యాసం ఆయనకిచ్చాను. రెండు రోజుల తర్వాత పెన్సిలుతో అక్షరదోషాలు దిద్ది తిరిగిచ్చారు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. పోయే ముందు ఒకసారి ఎవరికన్న సదివి వినిపియ్యి."

"ఎవరికి సార్?"

"ఎవరి గురించి రాసినవో వాళ్లకే."

ఆ శనివారం పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సెక్కించి నన్ను పటాన్‌చెరు తీసుకెళ్లారు. అక్కడొక మోటార్ల ఫ్యాక్టరీలో ఆయన పాత విద్యార్థులు డజను మంది దాకా పనిచేస్తున్నారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం పళ్లేలు పట్టుకుని వాళ్లు మా చుట్టూ చేరారు. నేను గొంతు సవరించుకుని, అద్దం ముందు నేర్చుకున్న ఇంగ్లీషులో చదవసాగాను. మూడో పేజీకి రాగానే, చిట్కుల్ నుంచి వచ్చే ఒక ఫిట్టర్ చెయ్యెత్తాడు.

"మేడం, గిదంత మా గురించేనా?"

"మీ గురించే."

"మరి మాకే సమజైతలేదేంది?"

అందరూ నవ్వారు. సరే, తెలుగులో చెబుతాను అని అక్కడికక్కడే తర్జుమా చేస్తూ పోయాను. ఏడో పేజీ తిప్పాను. ఊపులో ఉన్న నోరు ఆగలేదు. "కొందరు అధ్యాపకులు పాఠం వదిలేసి, బోరుబావుల గురించీ బండి చక్రాల గురించీ స్థానిక భాషలో కబుర్లు చెబుతూ విలువైన సమయాన్ని వృథా చేస్తున్నారు" అని చదివేశాకగానీ, నేనేం చదివానో నాకు తెలియలేదు.

"గది మన సారే గద" అన్నాడు ఎవరో మెల్లగా. నేను కాగితంలోకి చూశాను. సరిగ్గా ఆ వాక్యంలోనే ఒక మాటలో ఆయన పెన్సిలుతో దిద్దిన అక్షరం ఉంది. అంటే ఆయన చదివారు. చదివే నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. స్కేలు సారు తాపీగా పెరుగన్నం కలుపుకుంటూ, "ఔ, నేనే. కానియ్యి బిడ్డా, ఇంక మస్తు పేజీలున్నయ్" అన్నారు.

ఫిట్టరే అందుకున్నాడు. "ముచ్చట్లు కాదు మేడం. టార్కు అంటే, గదే తిప్పే బలం, ఏందో పుస్తకం ఎన్నిసార్లు సదివినా నా తలకెక్కలే. బండి చక్రం గుంతల దిగవడితే యాడ వట్టుకొని నూకుతవ్ అని సారు అడిగిండు. పైన అంచు వట్టుకొని అన్న. పైన్నే ఎందుకు అన్నడు. నేల నుంచి ఎంత దూరం వట్టుకుంటే గంత సులువుగ తిరుగుతదని నేను తెలుగుల చెప్పుకుంట పోయిన, సారు గదే ఇంగ్లీషుల బోర్డు మీద రాసుకుంట పోయిండు. ఆఖరికి చూస్తే పాఠమంత బోర్డు మీద ఉన్నది. ఇయ్యాల పాఠం చెప్పింది నువ్వేరా, నేను రాసిన్నంతే అన్నడు." ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖంలో కనిపించిన వెలుగు, నా క్లాసులో ఒక్క పిల్లవాడి ముఖంలో కూడా నేను చూడలేదు.

తిరుగు బస్సులో, "నేను సింగపూర్ పోను సార్" అన్నాను.

"ఒక్క పేజీ తప్పువోతే టికెట్టు కాన్సల్ చేస్తరా? ఏడో పేజీ కొట్టెయ్. పోరగాళ్లు చెప్పింది రాసుకో. నా పేరు మాత్రం వెట్టకు, రిటైరయ్యే ముందు నాకెందుకు పరేషాన్" అని కిటికీకి తలానించి ఇస్నాపూర్ రాకముందే నిద్రపోయారు. నామీద కోపం తెచ్చుకోవడానికి ఆయనకు తీరిక ఉన్నట్టు లేదు.

ఆ సోమవారం నుంచి పది రోజులు నేను ఆయన క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాను. ("మేడం, జెర జరుగున్రి, బోర్డు కనవడ్తలేదు" అనిపించుకున్నాను కూడా.) ఇరవై రెండు పేజీలు ఆరయ్యాయి. సింగపూర్‌లో బూట్లు కరుస్తుంటే నిలబడి, బండి చక్రం కథ మామూలు మాటల్లో చెప్పాను. నాకిచ్చిన సమయంలో ఇంకా మూడు నిమిషాలు మిగిలాయి. వెనక వరసలో నుంచి ఒక తలనెరిసిన ప్రొఫెసరమ్మ లేచి, తమ ఊళ్లో ఇసుకలో కూరుకున్న పడవను ఎలా కదుపుతారో చూపిస్తానని చీర కుచ్చిళ్లు దోపుకుని వేదిక మీదికి వచ్చింది. ఆ తర్వాత ఆ పూట ఎవరూ కాగితం చూసి చదవలేదు.

తిరిగొచ్చి స్కేలు సారుకు ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అక్కడి క్లాసు రూములు ఎట్లున్నయ్? వెనక బెంచీలకు బోర్డు కనవడ్తదా?" అని అడిగారు. చూడలేదు సార్ అన్నాను. మూడు రోజులు విశ్వవిద్యాలయంలోనే ఉండి, హాలూ వేదికా భోజనాల గదీ తప్ప ఒక్క క్లాసు గదిలోకి కూడా తొంగి చూడలేదు.

"పోనీ, మళ్ల పోయినప్పుడు చూడు" అన్నారు.

మళ్లీ వెళ్లాను, చాలాసార్లు. ఎక్కడికి వెళ్లినా టీ విరామంలో జారుకుని, ఖాళీగా ఉన్న ఏదో ఒక క్లాసు గది వెతుక్కుని చివరి బెంచీలో కూర్చుంటాను. కళ్లజోడు సవరించుకుంటూ బోర్డుకేసి చూస్తున్న ఈ ముసలామెను చూసి, అక్కడి కాపలావాళ్లు, మీరేమైనా పోగొట్టుకున్నారా అని మర్యాదగా అడుగుతుంటారు. బోర్డు కనబడుతుందో లేదో వచ్చి చెబుదామంటే ఇప్పుడు సారు లేరు. అయినా చూసే వస్తున్నాను.