బీరయ్య బొట్టుబిళ్ళలు

బీరయ్యకు ఒక్కటే పిచ్చి. మీటలు లేని నున్నటి మిషన్ చేతికి తగిలిందా, ముందు దాన్ని నోరారా తిడతాడు. తర్వాత చొక్కా జేబులోంచి రాళ్ళ బొట్టుబిళ్ళ తీసి దానికి అతికిస్తాడు. బిళ్ళలు కొనుక్కునేది ఆయన భార్య రుక్కమ్మ, మాయం చేసేది ఆయన. పండుగపూట రుక్కమ్మ ఉత్త నొసటితో తిరుగుతోందంటే, వికారాబాద్‌లో ఎక్కడో ఒక మిషన్ ముత్తయిదువలా మెరుస్తోందన్నమాటే.

చూపు పోకముందు బీరయ్య బంట్వారం దిక్కు గొర్రెలు కాసేవాడు. చీకట్లో చెవి తడిమి తన గొర్రె ఏదో చెప్పేవాడు. "గొర్రెకు చెవులన్న ఉంటయి. దీనికేమున్నది? తాండూరు బండకు పాలిష్ పట్టినట్టు నున్నగ! ఏడ ఒత్తాలె, నా నెత్తి మీదనా?" అని మండిపడేవాడు.

ఒకసారి దవాఖాన లిఫ్టులో కిందికి పోదామని తడిమితే, ముట్టిన అంకెల్లా వెలిగి లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది. ఎక్కినవాళ్ళందరూ తిట్టారు. బీరయ్య అంతకు రెట్టింపు తిట్టి, కింది అంతస్తు అంకెకు బొట్టు పెట్టి మరీ దిగాడు. వారం తిరక్కుండా ఏ భక్తురాలో దానికి పసుపు కూడా పూసిపోయింది. కాపలా ఉండే పాండు లబోదిబోమంటూ ఇంటికొచ్చాడు.

"రుక్కమ్మా, నీ పెనిమిటిని జర కట్టేసుకో!"

"కట్టేస్తే ఆ తాడుకు గూడ బొట్టు పెడ్తడు," అంది రుక్కమ్మ.

ఇట్లా ఉండగా, ఎదురింటి పద్మమ్మకు కొడుకు మహిధర్ తాండూరు నుంచి అద్దం పొయ్యి తెచ్చాడు. కరెంటుది. తిప్పేదీ లేదు, నొక్కేదీ లేదు, అద్దం మీద వేలు ఆనిస్తే చాలట. అది వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో పాలు పొంగడం, పప్పు మాడడం.

"ఇంకొక్కసారి మాడిందంటే నువ్వు వంటింట్లకు రావొద్దమ్మా. మనిషిని పెడ్త," అనేశాడు మహిధర్. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన పద్మమ్మ మాడిన గిన్నె తీసుకుని పెరట్లోకి పోయింది.

సరిగ్గా అప్పుడే బీరయ్యకు పూనకం వచ్చింది. "నాకు గూడ అద్దం పొయ్యి కావాలె!" ఇంట్లో గ్యాసు పొయ్యి నిక్షేపంలా ఉంది. దాని మీటలు తిప్పి ఆయనే చాయ్ పెట్టుకుంటాడు. అయినా వింటేగా! "పద్మమ్మా, నువ్వు గూడ రా. ఆ పొయ్యి సంగతి నీకెరుకే కద," అని ఆమెనూ బయల్దేరదీశాడు. రుక్కమ్మతో కలిసి ముగ్గురూ తాండూరు రైలెక్కారు.

మహిధర్ పొయ్యి కొన్న దుకాణంలోనే, అంబిక అనే అమ్మాయి అచ్చం అలాంటి పొయ్యి ముందు నిలబెట్టి, "ఇది చూడుండ్రి," అంటూ మొదలుపెట్టింది.

"ఏం చూడాలె బిడ్డా? నాకు కండ్లు లేవు, నీ పొయ్యికి మీటలు లేవు. మా ఇద్దరికి సంసారమెట్ల కుదురుతది? చెయ్యి పట్టి చెప్పు. గట్టిగ చెప్పు!"

చెప్పింది. "మళ్ళ చెప్పు." మళ్ళీ చెప్పింది. బీరయ్య వెలిగించే చోట ఒక బిళ్ళ, వేడి పెంచే చోట పెద్దది, తగ్గించే చోట చిన్నది అతికించాడు. "సరిగ్గ అతికినయా? పద్మమ్మా, జర ముట్టి చూడు," అని ఆమెచేత కూడా తడిమించాడు. ఈలోగా దుకాణం యజమాని బాల్‌రాజ్ ఉరికొచ్చాడు.

"ఓ పెద్దమనిషీ! కొత్త మాల్ ఖరాబ్ చేస్తున్నవ్!"

"ఖరాబ్ చేసింది నేనా? గిది తయారుచేసినోడు ఒక్కసారన్న కండ్లు మూసుకొని చాయ్ కాసిండా? ఒక్క మీట పెడ్తే వాని సొమ్మేం పోయె? గుడ్డోడు తినడా? ముసలిది వండదా? పైకం తీసుకునేటప్పుడు మా చెయ్యి మంచిగనే కనబడ్తది మీకు!"

జనం గుమిగూడారు. రుక్కమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంత చేసి కొన్నాడా అంటే అదీ లేదు. "నాకొద్దు పో," అని లేచొచ్చాడు!

తిరుగు రైల్లో పద్మమ్మ కునుకు తీయగానే రుక్కమ్మ అందుకుంది. "నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్. కొననిదానికి గంత లొల్లెందుకు?"

"మెల్లగ మాట్లాడు. నాకెందుకే ఆ పొయ్యి? పద్మమ్మ చాయ్ గ్లాసు ఇచ్చేటప్పుడు ఆమె వేలు నా చేతికి సుర్రుమని తగుల్తది, ఎన్నడన్న చూసినవా? నిండిందో లేదో వేలు ముంచి చూసుకుంటది. నేను గట్లనే పోసుకుంట. ఆమెకు చూపు పోతున్నది. అడిగితే ఒప్పుకున్నది. కొడుక్కు తెలిస్తే వంటిల్లు బందయితదని ఫికర్. గందుకే నాకోసమన్నట్టు ఆమెకు నేర్పిచ్చిన. నీతోనైతే కండ్ల దవాఖానకు వస్తనన్నది, తీస్కపో. చెప్పాలనిపించిన్నాడు ఆమెనే చెప్పుకుంటది. అప్పటిదాంక లోకం నన్ను పిచ్చోడనుకోనీ, నాకేం పోతది?"

రుక్కమ్మ కునుకు తీస్తున్న పద్మమ్మ వేళ్ళకేసి చూసింది. ఆ చాయ్ తనూ తాగింది. రెండు కళ్ళూ పెట్టుకుని ఆ వేలు ఎన్నడూ చూడలేదు. ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది.

మర్నాడు పెరుగు ఇవ్వడానికి పోతే, పద్మమ్మ వంటింట్లో పప్పు కమ్మగా ఉడుకుతోంది. పొయ్యి అద్దం మీద ఎర్రటి బిళ్ళలు. పక్కనే మహిధర్ ఉడికిపోతున్నాడు.

"చూడు చిన్నమ్మా! బీరయ్య కాక మా పొయ్యికి గూడ బొట్లు పెట్టి పోయిండంట. అమ్మ చెప్పింది. ఏం పిచ్చి ఇది?" అంటూ ఒక బిళ్ళ కింద గోరు పెట్టాడు.

పద్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"చెయ్యి తియ్!" రుక్కమ్మ అరిచిన అరుపుకు మహిధర్ ఎగిరిపడ్డాడు. "పిచ్చోడని ఎరుకున్నది కద, మళ్ళ ఎందుకు కెలుకుతవ్? అది పీకినవంటే మళ్ళొస్తడు. ఈసారి పొయ్యికి కాదు, నీ నొసటికి పెడ్తడు!"

మహిధర్ గోరు వెనక్కి తీసుకున్నాడు. పద్మమ్మ చిన్న బిళ్ళను తడిమి వేడి తగ్గించి, నవ్వు ఆపుకుంటూ, "కూసో మహీ, అన్నం పెడ్త," అంది.