దమ్మామ్ రైల్లో మీసాల పాము

రియాద్ నుంచి దమ్మామ్‌కు రైలు పొద్దున ఎనిమిదింటికి. ఆడవాళ్లకు, సంసారాలతో వచ్చేవాళ్లకు పెట్టెలు వేరే. ఎవరైనా పోతే కిటికీ పక్కన కూర్చోకండి. ఎండకు చెంప మాడుతుంది, చూద్దామంటే ఇసుక తప్ప ఏమీ ఉండదు.

నేను పోయింది మా తమ్ముడు రాజన్న కోసం. మా ఆయన పోయాక నాకు ఇంటిపని వీసా పంపింది వాడే. కువైట్ యుద్ధంలో సైరన్లు మోగుతుంటే దమ్మామ్ క్యాంపులో మంచం కింద దూరి బతికాడట. నేను ఈ దేశం వచ్చాక వాడి ముఖం చూడనే లేదు. ఇక వాడు ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా, శనివారమే ఊరికి పోతున్నాడు. దమ్మామ్‌లో తల్లిగారింటికి బయల్దేరుతూ మా మేడమ్ ఒక్కటే అంది: "పిల్ల ఏడవకుండా తింటే శుక్రవారం నీ తమ్ముణ్ని చూడు. ఏడ్చిందా, లేదు."

పిల్ల నూరాకు ఐదేళ్లు. డ్రాగన్ బొమ్మ పక్కన లేకుంటే ముద్ద మింగదు. జపాన్ వాళ్ల బొమ్మల కథ అది, టీవీలో అరబ్బీ మాట్లాడుతుంది. అరబ్బీలో డ్రాగన్‌ను తిన్నీన్ అంటారు. ఒళ్లు పాముది, కాళ్లు బల్లివి, కొమ్ములు దుప్పివి, మీసాలు మా ఊరి పట్వారీవి. ఒక్కటీ సొంతం కాదు. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా, పిల్లలు కసిరితే మబ్బుల్లో దూరి ఏడుస్తుంది. మా దగ్గర పామైతే పుట్టలో పాలైనా తాగుతుంది, కట్టెతో దెబ్బలైనా తింటుంది. ఇది పిల్లల్ని నెత్తికెక్కించుకుని ఊరేగుతుంది!

హోఫూఫ్ దగ్గర ఖర్జూరపు తోటలు కనబడే వేళకు నూరా గుడ్డు పక్కకు నెట్టి మూలగడం మొదలుపెట్టింది. ఎదురుగా ఒక ముసలామె ఎక్కినప్పటి నుంచీ పిల్లను రెప్ప వేయకుండా చూస్తోంది. మేడమ్ చేతులు కడుక్కోవడానికి లేచింది. నా చెయ్యి ఊరుకోలేదు. గుడ్లకని కట్టుకున్న ఉప్పు పిడికిట పట్టి, పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి థూ థూ అన్నాను.

"సిహ్ర్!" అని ముసలామె కేక పెట్టింది. చేతబడి అని. ఆ దేశంలో ఆ మాట పడ్డ పనిమనిషి పోలీసుల దగ్గరికి పోతుంది కానీ తమ్ముడి దగ్గరికి పోదు.

మేడమ్ పరుగున వచ్చింది. "పిడికిలి తెరువు!"

తెరిచాను. ఉప్పు.

అప్పుడు నూరా కిలకిలా నవ్వింది. "అమ్మా, లచ్చవ్వ తిన్నీన్ అయింది! ఎగిరే ముందు అది అట్లాగే చుట్టూ తిరిగి నిప్పు ఊదుతుంది. మళ్లీ, లచ్చవ్వా!"

"మరి ఉప్పెందుకు?" అంది ముసలామె.

"రైల్లో నిప్పెక్కడ తేనమ్మా?" అన్నాను.

మేడమ్ ఆపుకోలేక నవ్వింది. నూరా గుడ్డు తినేసింది. దమ్మామ్ దాకా మీసాలు లేని డ్రాగన్‌నై ఊదుతూనే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక రాజన్న మేడమ్ తల్లిగారింటి గేటు దగ్గరికి వచ్చాడు. చూద్దును కదా, చొక్కా నిండా అదే డ్రాగన్!

"ఏందిరా, గిది నీ ఒంటి మీదికి గూడ పాకిందా?"

"బజార్ల సస్తగ దొరికిందే అక్కా. మంచిగ లేదా?"

"అమ్మ చూస్తే దడుసుకుంటది. ఇమానం దిగంగనే ఇడ్వు."

"నీ గొంతేమైందే, గిట్ల బొంగురువోయింది?"

"డ్రాగన్ నయిన్రా, ఏం జేస్త."

నవ్వబోయి వాడు కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రం అసర్ నమాజు బాంగు వినబడింది, ఇక పంపేయాలి. నూరా పక్కనే ఉంది. "తిన్నీన్ చూస్తావా?" అని ఉప్పు తెప్పించుకున్నాను. విమానం ఎక్కబోయే తమ్ముడికి మేడమ్ చూస్తుండగానే తల నుంచి కాళ్ల దాకా దిష్టి తీశాను. నూరా చప్పట్లు కొట్టింది. వాడు చిన్నప్పటిలాగే తల వంచి నిలబడ్డాడు.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. పిల్ల మూలిగితే మేడమే ఉప్పు పొట్లం నా చేతికిచ్చి, "తిన్నీన్ చెయ్యి" అంది. పెట్టెంతా చూస్తుండగా చేశాను. అంత దేశంలో నా పక్కన నిలబడింది ఆ ఏడుపుగొట్టు జంతువొక్కటే. అయినా దాన్ని పాము అని మాత్రం ఒప్పుకోను. పాముకు పరువుంటుంది.