బేగంబజార్ బరాత్‌లో నా డ్రమ్ము

ధూల్‌పేట్‌లో డ్రమ్ము రాజన్న ఇల్లు ఎక్కడని ఎవరిని అడిగినా చూపించేవారు. ఇప్పుడు కాదు, ఒకప్పుడు. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పంద్రాగస్టు కవాతుకు డ్రమ్ము కొట్టడానికి హెడ్మాస్టరు గారు బడి మొత్తంలో నన్నే ఎంచుకున్నారు. ఆ చేతులతోనే పట్నం వచ్చాను. బ్యాండులో చేరి సైడ్ డ్రమ్ము మెడకు తగిలించుకున్నాక చార్మినార్ చుట్టుపక్కల నేను కొట్టని గల్లీ లేదు. హిందువుల పెళ్లిళ్లు, ముసల్మానుల పెళ్లిళ్లు, వినాయకుడి ఊరేగింపులు, లాల్‌దర్వాజ బోనాలు, అన్నిట్లో నేనున్నాను. నా తీన్‌మార్ దరువు మొదలైతే గాజుల దుకాణాల వాళ్లు బేరం వదిలేసి బయటికి వచ్చేవారు. ఒక తెల్లగుర్రం ఉండేది. పెళ్లికొడుకును ఎక్కించుకుని, నా డ్రమ్ము మోగితే నడిచేది, ఆగితే ఆగేది. "దీనికి కళ్లెం ఎందుకు రాజన్నా, నువ్వుంటే చాలు" అనేవాడు గుర్రమాయన. వినాయక కమిటీ వాళ్లు వేదిక మీదికి పిలిచి వెండి పతకం ఇచ్చారు. గొప్పకు చెప్పడం లేదు. జరిగినవి చెబుతున్నాను.

తర్వాత డీజే బండ్లు వచ్చాయి. నన్ను పిలిచేవారు తగ్గి, తగ్గి, అసలే లేకుండా పోయారు.

అలాంటి రోజుల్లో, ఈ మాఘమాసంలో ప్రేమ్‌రాజ్ ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న నడిపిన బ్యాండునే ఇప్పుడు అతను నడుపుతున్నాడు.

"బాపూ, బేగంబజార్ల పెండ్లి. వెంకటనారాయణ సేటు మనుమడు విశాల్‌ది. గా పాత రాజన్న ఉండాలె అని సేటే చెప్పిండు."

గిన్నెల వ్యాపారి వెంకటనారాయణ సేటు కొడుకు పెళ్లికి కొట్టింది నేనే. ఆనాడు సేటు కారు దిగి, నా ముందు నిలబడి చేతులెత్తి ఆడాడు. అంత పెద్దమనిషికి నా చెయ్యి ఇంకా గుర్తుందంటే నాకు వేరే పతకం ఎందుకు? ఆయన మరొక్కసారి నా తీన్‌మార్ వింటే చాలనుకున్నాను. మణికట్టు నొప్పిగా ఉన్నా రోజూ దిండు మీద సాధన చేశాను.

"గా దిండును సంపకు. దూది ఎల్తాంది" అంది నా భార్య బుచ్చమ్మ. "ఇంతకూ డ్రమ్మును నువ్వు మోస్తవా, నిన్నే అది మోస్తదా?"

"నువ్వు సూస్తుండు" అన్నాను.

పెళ్లి రోజు సాయంత్రం ఎర్రకోటు తొడుక్కుని నిలబడ్డాను. ముందు వరుసలో బాకాలు పట్టుకున్న వాళ్లెవరూ ముఖం తెలిసిన వాళ్లు కాదు. బజారులో మూటలు మోసే హమాలీలట. వెనక స్పీకర్ల బండి. దాని మీద కరెంటు డ్రమ్ముల ప్యాడ్ ముందు ప్రణీత్ అనే కుర్రాడు కూర్చున్నాడు.

ప్రేమ్‌రాజ్ నా దగ్గరికి వచ్చాడు. "బాపూ, నువ్వు కొట్టకు. పుల్లలు గాల్లనే ఆడించు. తోలుకు తాకనియ్యకు, మైకుల గరగర వస్తది."

"మరి సేటు నా పేరెందుకు చెప్పిండు?"

"నీ మీసం కోసం! వీడియోల పాతకాలం బ్యాండు లెక్క కనపడాలెనట."

నా చెయ్యి మీసం మీదికి పోయింది. పక్కనున్న హమాలీ బాకా ఎత్తి చూపించాడు. "ఫికర్ చెయ్యకు తాతా, నాకు గూడ ఊదుడు రాదు. బుగ్గలు ఉబ్బిస్త, అంతే."

బరాత్ కదిలింది. గిన్నెల దుకాణాల మధ్యకు వచ్చేసరికి జనరేటర్ ఆగిపోయింది. స్పీకర్లు ఆగాయి, లైట్లు ఆరాయి, ఆడుతున్న పిల్లలు ఆడుతున్న చోటే నిలబడిపోయారు. సేటు కారు నాకు పది అడుగుల దూరంలో ఉంది. నేను కారు వైపు తిరిగి కొట్టాను. తీన్‌మార్. చెయ్యి ఎక్కడా తప్పలేదు, ఆ మాట మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి. ఒంటరి డ్రమ్ము అయినా రేకు షట్టర్లు అదిరాయి.

ఎవరూ ఆడలేదు. పెళ్లికొడుకు స్నేహితుడు మనీష్ ఒక చెవి మూసుకుని, ఇంకో చెవికి ఫోన్ పెట్టుకుని అరిచాడు. "తాతా, ఏంది లొల్లి! జనరేటరాయనతోని మాట్లాడుతున్న."

నేను ఆపలేదు. కారు అద్దం దిగింది. సేటు ముసలివాడయ్యాడు. నన్ను చూసి నవ్వాడు కూడా.

"రాజన్నా, మంచిగున్నవా?"

"ఉన్న సేటూ" అన్నాను, కొడుతూనే.

"జర ఆపు మరి. పోరగాళ్లకు ఫోన్ ఇనవడ్తలేదట."

ఆపాను. అద్దం పైకి లేచింది.

జనరేటర్ మళ్లీ మొదలవగానే జనం ఈలలు వేశారు. అక్కడి నుంచి మంటపం దాకా పుల్లలు గాల్లోనే ఆడించాను. కొట్టడం కన్నా అది కష్టం. కిందికి దిగే చేతిని తోలు మీద పడకుండా ప్రతిసారీ పట్టుకోవాలి. పెద్ద ఢోలు మోసేవాడి పుల్ల చాలాసార్లు తగిలింది. నాది ఒక్కసారి కూడా తగలలేదు.

"మస్తు జేసినవ్ బాపూ. నీ లెక్క ఎవ్వరికీ రాదు. వచ్చే పెండ్లికి గూడ నువ్వే" అన్నాడు ప్రేమ్‌రాజ్.

సరేనన్నాను.

ఇంటికి వస్తే బుచ్చమ్మ మణికట్టుకు కాపడం పెట్టడానికి నీళ్లు కాచి ఉంచింది.

"సేటు ఇన్నడా?" అని అడిగింది.

"ఇన్నడు" అన్నాను.