డిక్కీలో ఉండిపోయిన తెల్లచీర

ఆ రోజుల్లో మా ఇళ్లలో కరెంటు ఇంకా కొత్త చుట్టంలాగే ఉండేది. గదిలోంచి బయటికి వస్తూ ఎవరైనా లైటు ఆపడం మరిచిపోతే నాన్న భోజనం మధ్యలో లేచి వెళ్లి ఆపి వచ్చేవారు. ఒక్క మాట కూడా అనేవారు కాదు. ఆ మౌనానికే మాకు అన్నం దిగేది కాదు. అలా పెరిగినవాణ్ణి కాబట్టి ఆన్‌లో ఉన్న స్విచ్ ఎక్కడ కనపడినా నా చేయి దానంతట అదే వెళ్లిపోయేది. దానికి తోడు ఉద్యోగం కూడా కరెంటు ఆఫీసులోనే వచ్చింది. (గుమాస్తాగా. వైరు ఏ చివర పట్టుకోవాలో కూడా తెలియదు. అయినా రాజోలు వైపు మా మేనత్తగారి ఊళ్లో నా పేరు 'కరెంటాయన'.) పాత డైరీలు తిరగేస్తున్నప్పుడు ఎనభైల మొదట్లోని ఒక మే నెల పేజీ దగ్గర నా వేలు ఇప్పటికీ ఆగిపోతుంది.

దానికి ముందు రోజు సాయంత్రం మా మేనత్త పోయింది. అన్నీ ముందుగా అమర్చుకునే మనిషి. తనని సమాధి చేసేటప్పుడు కట్టడానికి అంచు లేని తెల్లచీర కావాలని బండారులంక వెళ్లి నేతాయనకి స్వయంగా చెప్పి నేయించుకుంది. "జరీ పోగు ఒక్కటి కనపడినా పెట్టెలోంచి లేచి కూర్చుంటానండోయ్" అని ఆయన్ని నవ్వించిందట కూడా. చీర తయారైంది గానీ, అది ఇంటికి చేరకముందే తను వెళ్లిపోయింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్న బావ, అంటే అత్తయ్య ఒక్కగానొక్క కొడుకు, చీర తేవడానికి కారు తీశాడు. తోడుగా నేను వెళ్లాను.

అది ఓడ మీద వచ్చిన జపాన్ కారు. డ్రైవరు సీటు పక్కన ఒక బటన్ నొక్కితే వెనక 'టక్'మని డిక్కీ మూత లేచేది. కొత్తలో ఆ టక్కు వినడానికే జనం వచ్చేవారు. అత్తయ్య ఒకే ఒక్కసారి అందులో చర్చికి వెళ్లి, దిగాక కూడా రెండుసార్లు నొక్కించుకుని చిన్నపిల్లలా నవ్విందట. డిక్కీకి తాళం కన్నం ఉంది గానీ ఓడలో ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బటన్ ఉండగా కన్నంతో పనేమిటని బావ పట్టించుకోలేదు.

చీర, పూలు డిక్కీలో పెట్టుకుని తిరిగి వస్తున్నాం. బావ కళ్లు తుడుచుకుంటూ నడుపుతున్నాడు. నేను చేతులు ఊరికే ఉంచలేక, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు అర తెరిచి కాగితాలు సర్దాను. లోపలి గోడకి ఒక చిన్న స్విచ్, ఆన్‌లో ఉంది. పట్టపగలు దేనికని ఆపేశాను. 'అనవసరంగా ఆన్‌లో ఉన్న స్విచ్ ఒకటి ఆపాను' అని డైరీలో రాసుకుని, డైరీని ఆ అరలోనే పెట్టి మూసేశాను.

ఇంటి ముందు కారు ఆగింది. బావ బటన్ నొక్కాడు. చప్పుడు లేదు.

"నొక్కేవా బావా?"

"నొక్కేన్రా."

"ఇంకోసారి గట్టిగా నొక్కు."

"ఇంకెంత గట్టిగారా, వేలు లోపలికి పోయేలా ఉంది!"

"ఆయ్, కరెంటాయన ఉన్నారు కదండీ, ఆయన చూసుకుంటారు" అంది పక్కింటావిడ. అంతే, అందరూ నాకు దారిచ్చి వెనక్కి జరిగారు. పాస్టరుగారు గడియారం చూసుకుని, "నాలుగింటికల్లా బయల్దేరాలండీ, ఈ ఎండకి ఇంక ఆపకూడదు" అన్నారు. అప్పటికి రెండయింది.

నేను ఒక కవరు వెనక వరసగా రాసుకుని మొదలుపెట్టాను. బ్యాటరీ ఉందో లేదో చూడాలి కాబట్టి హారన్ కొట్టాను. (శవం ఉన్న ఇంటి ముందు హారన్ కొట్టినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. లోపల ఏడుస్తున్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకున్నారు.) స్టీరింగు కింద ఉన్న ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి ఎండకెత్తి చూశాను. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. బావ బటన్ నొక్కుతుంటే మూతకి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు, చెవి మాత్రం కాలింది. వెనక సీటు పీకించాను, అడ్డంగా పెట్రోలు ట్యాంకు. రాజోలు నుంచి మెకానిక్ వచ్చాడు గానీ, "తమరు చూసేక ఇంక నేనేం చూస్తానండీ" అని మర్యాదగా తప్పుకున్నాడు. కవరు మీద ఆఖరి పంక్తి: 'కారణం తెలియదు.'

మూడున్నరకి బావ గునపం పట్టుకొచ్చాడు. అంతవరకు అత్తయ్య పక్కనుంచి కదలని మావయ్య అప్పుడు బయటికి వచ్చారు.

"వద్దు నాన్నా. ఈ కారు చూసి మీ అమ్మ ఎంత మురిసిందో నీకు తెలీదా? దీన్ని పొడిచి తీసిన చీర అది కట్టదు. ఆ నీలం చీర తియ్యండి."

ఆదివారాలు చర్చికి కట్టుకునే చీర అది. జరీ అంచు ఉంది. (అత్తయ్య లేచి కూర్చోలేదు. పెట్టె మూసేదాకా నేను ఆ అంచుకేసే చూస్తూ నిలబడ్డాను.)

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక డైరీ కోసం డాష్‌బోర్డు అర తెరిచాను. స్విచ్ కనపడింది. దారిలో రాసిన వాక్యం చదువుకున్నాను. డిక్కీ బటన్‌కి కరెంటు దీని మీదుగానే వెళ్తుందేమో. వేలితో స్విచ్ వేసి, "బావా, ఓసారి నొక్కి చూడు" అన్నాను.

టక్.

"బాగు చేసేడర్రా!" అన్నారెవరో. పూలు వడిలిపోయి ఉన్నాయి. చీర మడత నలగలేదు. బావ నన్ను కావలించుకుని, "అదేదో ఓ రెండు గంటల ముందు తట్టి ఉంటే బావుండేది కదరా" అని ఏడ్చాడు. నేను తలూపాను. ఆ పేజీలో దారిలో రాసిన వాక్యం కింద 'డిక్కీ తెరుచుకుంది' అని మాత్రమే ఉంది. రెంటికీ మధ్య ఉండవలసిన వాక్యం ఇన్నేళ్లలో రాయలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా, రేడియో పలకకపోయినా నాకే కబురు.

నాలుగేళ్లకి మావయ్య మంచం పట్టారు. ఇంక దాచలేక ఆయన పక్కన కూర్చుని, "మావయ్యగారూ, ఆ డిక్కీ సంగతి..." అని మొదలుపెట్టాను.

"తెలుసులేరా అబ్బాయ్."

"ఎలా తెలుసండీ?"

"ఆవేళ మీ అత్తయ్య తల దగ్గర పెట్టిన బల్బు మూడుసార్లు ఆపేవు. మూడుసార్లూ నేనే లేచి వేసేను. కారులో స్విచ్ మాత్రం ఇంకెవడు ఆపుతాడ్రా?" నవ్వబోయి దగ్గు తెర వచ్చి ఆగారు. "చీర బీరువాలో ఉంది. నన్ను పెట్టెలో పెట్టేక పైన కప్పండి. నేను పట్టుకెళ్లి ఇచ్చేస్తాను."

అలాగే కప్పాం.

ఇప్పటికీ ఇంట్లో లైట్లు ఆపుతూ తిరుగుతాను. కాకపోతే ఆపేముందు "ఎవరైనా ఉన్నారా?" అని ఒక కేక వేస్తాను. నిన్న మధ్యగదిలోంచి ఎవరూ పలకలేదు. స్విచ్ మీద వేలు పెట్టి కాసేపు నిలబడి, ఎందుకో లైటు అలాగే ఉంచి వచ్చేశాను. నాన్న ఉంటే భోజనం మధ్యలో లేచేవారే.